పాస్‌పోర్టు ఉందిగా అనుకునే ముందు

మీ పాస్‌పోర్టు గడువు ఏ నెలలో ముగుస్తుందో చూడకుండా చెప్పగలరా? అందులో మీ ఇంటిపేరు ఏ గడిలో పడిందో గుర్తుందా? లోపల ఈసీఆర్ అన్న మూడక్షరాలు ఉన్నాయో లేవో ఎప్పుడైనా గమనించారా?

ఎవర్ని అడిగినా వచ్చే జవాబు ఒకటే: "బీరువాలో ఉందండీ." పెళ్ళి పట్టుచీర కింద, ఇంటి దస్తావేజుల మధ్య భద్రంగానే ఉంటుంది. చిక్కేమిటంటే, దాన్ని బయటికి తీసేది టికెట్లు కొన్నాక. అప్పుడు తప్పు కనపడితే దిద్దుకోవడానికి వారం కూడా చేతిలో ఉండదు. పాస్‌పోర్టు వల్ల నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అది లేక వచ్చినవి కావు, ఉంది కదా అన్న ధీమా వల్ల వచ్చినవి.

అందుకని ఈ అధ్యాయం ఊరికే చదవొద్దు. లేచి వెళ్ళి మీ పాస్‌పోర్టు, ఇంట్లో వాళ్ళందరివీ తెచ్చి ముందు పెట్టుకోండి. పక్కన ఒక కాగితం, పెన్ను. ఏమీ తొందర లేని ఈ రోజే ఈ పనికి సరైన రోజు.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి. ఆ పుస్తకం మీది కాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షను ప్రకారం అది ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వ ఆస్తి. ఫీజు మీరే కట్టారు, ఫొటో మీదే, అయినా మీరు దాన్ని దగ్గర పెట్టుకున్నవాళ్ళు మాత్రమే. కింద చెప్పబోయే రూల్సు చాలావరకు ఇందులోంచే పుట్టాయి. మీకు ఇష్టమైనట్టు అందులో రాయకూడదు, చింపకూడదు, తాకట్టు పెట్టకూడదు, ఇంకొకరికి వాడుకోమని ఇవ్వకూడదు.

1. గడువు తేదీలోంచి ఆరు నెలలు తీసేయండి

పెద్దవాళ్ళకు పాస్‌పోర్టు పదేళ్ళకు ఇస్తారు. కానీ ఆ పదేళ్ళూ ప్రయాణానికి పనికొస్తుందనుకోకండి. సింగపూర్, థాయిలాండ్ సహా చాలా దేశాలు మనం అక్కడ దిగే రోజుకు ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలంటాయి. యూరప్‌లోని షెన్‌జెన్ దేశాల లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కణ్ణుంచి బయటపడే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు ఉండాలి, పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటకూడదు. కైలాస మానససరోవర యాత్రకు వెళ్ళాలన్నా ఆరు నెలల నిబంధన ఉంది.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. నలుగురికీ సింగపూర్ టికెట్లు, హోటలు, అన్నీ కుదిరాయి. శంషాబాద్‌లో తండ్రి పాస్‌పోర్టును చెకిన్ కౌంటరులోని అమ్మాయి అటూ ఇటూ తిప్పి, "సర్, మీది ఇంకా నాలుగు నెలలే ఉంది" అంటుంది. "వీసా ఇచ్చారు కదమ్మా!" అని ఆయన గొంతు పెంచుతాడు. ఆ అమ్మాయి చేతిలో ఏమీ లేదు. అక్కడ దిగనివ్వకపోతే మనిషిని విమానం వాళ్ళే వెనక్కి తీసుకురావాలి, జరిమానా కూడా వాళ్ళ మీదే పడొచ్చు. అందుకే ఇమిగ్రేషన్ అధికారి కంటే ముందు కౌంటరు దగ్గరే ఆపేస్తారు.

గడువుకు ఏడాది ముందు నుంచే రీఇష్యూకి దరఖాస్తు చేసుకోవచ్చు. పాతదాంట్లో మిగిలిన నెలలు కొత్తదానికి కలవవు, నిజమే. ఆ నెలలు పోతాయని చివరిదాకా ఆగేవాళ్ళున్నారు. ఎలాగూ ప్రయాణానికి పనికిరాని నెలల కోసం అంత లోభం ఎందుకు చెప్పండి?

ఎక్కువమంది పప్పులో కాలేసేది పిల్లల దగ్గర. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే, లేదా పద్దెనిమిదేళ్ళు నిండే దాకా, రెండింట్లో ఏది ముందైతే అది. అమ్మానాన్నలదీ పిల్లలదీ ఒకే రోజు తీసుకుని ఉంటారు, కాబట్టి అన్నీ ఒకేసారి అయిపోతాయని అనుకుంటారు. పదిహేను నిండిన పిల్లలకు మాత్రం పెద్దల ఫీజు కట్టి పదేళ్ళ పాస్‌పోర్టు అడగొచ్చు. ఇంటర్ అయ్యాక పైచదువులకు పంపే ఆలోచన ఉంటే అదే మేలు.

ఇప్పుడు కాగితం మీద ప్రతి పేరు పక్కనా గడువు తేదీ కాకుండా, అందులోంచి ఆరు నెలలు తీసేసిన తేదీ రాయండి. అదే మీ అసలు గడువు. ఇంకో పని కూడా చేయండి, ఖాళీ పేజీలు లెక్కపెట్టండి. దక్షిణాఫ్రికా లాంటి దేశాలు కనీసం రెండు ఖాళీ పేజీలు అడుగుతాయి. మన పాస్‌పోర్టుకు పేజీలు అతికించడం ఉండదు, నిండిపోతే కొత్తది తీసుకోవడమే. తరచూ తిరిగేవాళ్ళు ముందే 60 పేజీలది అడగండి. ఇప్పటి లెక్కలో మామూలు 36 పేజీలదానికి 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000. తేడా ఐదొందలే.

2. పేరు: మన తెలుగువాళ్ళ సొంత తలనొప్పి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. పాస్‌పోర్టు ఫారంలో పేరుకు రెండు గడులుంటాయి. ఒకటి ఇంటిపేరు, రెండోది పెట్టిన పేరు. మనకు ఇంటిపేరు ముందొస్తుంది, అదీ పొడి అక్షరంగా. పదో తరగతి మెమోలో ‘కె.వి. లక్ష్మి’ అని ఉంటుంది. ఫారంలో ఇనిషియల్స్ చెల్లవు, విప్పి రాయాలి. ఏది ఏ గడిలో రాయాలో తేల్చుకోలేక చాలామంది మొత్తం పేరంతా పెట్టిన పేరు గడిలో రాసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. నెట్ సెంటర్ కుర్రాడు నింపితే మరీను.

ఖాళీగా ఉంటే ఏమవుతుంది? ఇక్కడ ఏమీ కాదు. అమెరికా వీసా దగ్గరకు వెళ్ళాక తెలుస్తుంది. పాస్‌పోర్టులో ఒకటే గడి నిండి ఉంటే అమెరికా వాళ్ళు ఆ పేరంతటినీ ఇంటిపేరుగా తీసుకుని, పెట్టిన పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని వేస్తారు. అంటే పెట్టిన పేరు తెలియదని. డల్లాస్‌లో దిగిన పిల్లవాడికి యూనివర్సిటీ రికార్డులో, డ్రైవింగ్ లైసెన్సులో, బ్యాంకు కార్డు మీద అదే పేరు. ముద్దుగా పెట్టుకున్న శ్రీనివాసరావు కాస్తా ‘ఫ్నూ’ అయి కూర్చుంటాడు. నవ్వొస్తుంది గానీ, తర్వాత ఒక్కో చోటా సరిచేయించుకోవడం నవ్వులాట కాదు.

యూఏఈ సంగతి ఇంకా కఠినం. రెండు గడుల్లో ఏదో ఒకటే నిండి, పేరు ఒకే మాటగా ఉన్నవాళ్ళను విజిట్, టూరిస్టు వీసాల మీద రానివ్వమని 2022 నవంబరులో ప్రకటించింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు లేదా కుటుంబం పేరు ఉంటే ఒప్పుకుంటామని తర్వాత కాస్త సడలించింది. ‘లక్ష్మి’ అనో ‘రాజయ్య’ అనో ఒక్క మాటే ఉన్న పెద్దవాళ్ళ పాస్‌పోర్టులు మన పల్లెల్లో ఎన్ని లేవు? దుబాయ్‌లో కూతురి పురిటికి వెళ్ళాల్సిన తల్లిది అలాంటిదైతే, ఆ ప్రయాణానికి ముందు చూడాల్సింది టికెట్ ధర కాదు, ఈ గడి.

మీ పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో నిండిన రెండు వరసలు కనపడతాయి. కంప్యూటరు చదివేది ఆ వరసలనే. పై వరసలో దేశం కోడ్ తర్వాత ముందు ఇంటిపేరు, ఆపైన రెండు బాణాలు, తర్వాత పెట్టిన పేరు వస్తాయి. మీ పేరు అక్కడ ఎలా చీలిందో చూడండి. టికెట్ కొనేటప్పుడు దాన్నే అనుసరించాలి. ఆధార్‌లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా పిలుస్తారు అన్నవి అప్పుడు పక్కన పెట్టేయండి.

ఇంటిపేరు తప్పు గడిలో ఉంటే ఏం చేయాలి? వివరాల మార్పు కింద రీఇష్యూకి పెట్టుకోవడమే. ఉన్న పేరునే రెండు గడుల్లోకి సరిగా విడదీయడం పెద్ద గొడవ కాదు. పేరునే పూర్తిగా మార్చడం వేరు, దానికి కాగితాలు చాలా కావాలి. పుట్టిన తేదీ మార్చడం మరీ కష్టం. బళ్ళో చేర్చిన రోజున మాస్టారు తనకు తోచిన జూన్ తేదీ వేసిన తరం మనది. అసలు తేదీ వేరే అని ఇప్పుడు బయల్దేరితే అన్ని రికార్డులూ కదిలించాలి. నా సలహా అడిగితే, మెమోలో ఉన్న తేదీతోనే జీవితాంతం నడిపేయండి.

పెళ్ళయిన ఆడపిల్లల గురించి ఒక మాట. పెళ్ళయింది కాబట్టి పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చి తీరాలన్న రూల్ ఎక్కడా లేదు. "డిపెండెంట్ వీసా రావాలంటే మా ఇంటిపేరు ఉండాలట" అని అత్తవారు తొందరపెడతారు. వీసాకు చూపాల్సింది పెళ్ళి జరిగిందన్న రుజువు. డిగ్రీ పట్టాలు, పాన్, బ్యాంకు, అన్నీ పుట్టింటి పేరుతో ఉండగా పాస్‌పోర్టు ఒక్కటీ మారిస్తే, అమెరికాలో చదువుకోవాలన్నా ఉద్యోగం చేయాలన్నా ఆ అమ్మాయే ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవాలి. మార్చుకోవాలని తనకే ఉంటే సంతోషంగా మార్చుకోవచ్చు. అవసరం అనుకుని మాత్రం మార్చుకోవద్దు.

3. ఆ మూడక్షరాల వెనక గల్ఫ్ ఉంది

పాస్‌పోర్టు లోపల ఈసీఆర్ అని ఉంటే, కొన్ని దేశాలకు ఉద్యోగం కోసం వెళ్ళే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని అర్థం. 1983 వలస చట్టం కింద ఆ దేశాలు పద్దెనిమిది. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లతో పాటు మలేషియా, థాయిలాండ్, ఇండోనేషియా కూడా అందులో ఉన్నాయి. ఏ ముద్రా లేకపోతే అనుమతి అక్కర్లేని వర్గంలో ఉన్నట్టే. ఇదివరకు దానికీ వేరే ముద్ర వేసేవాళ్ళు, ఇప్పుడు లేదు.

చాలామందికి తెలియనిది ఇదీ: పదో తరగతి పాసైనవాళ్ళకు ఆ ముద్ర అక్కర్లేదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు, యాభై దాటినవాళ్ళకు, విదేశంలో మూడేళ్ళకు పైగా ఉండొచ్చినవాళ్ళకు, పద్దెనిమిది నిండని పిల్లలకు కూడా అక్కర్లేదు. జగిత్యాల వైపు ఒక కుర్రాడు పది పాసయ్యాడనుకోండి. పాస్‌పోర్టుకు వెళ్ళిన రోజున మెమో తీసుకెళ్ళలేదు. "ఆధార్ చాలన్నా" అన్నాడు ఏజెంటు. ముద్ర పడిపోయింది. ఆ మెమో పెట్టి రీఇష్యూ చేయించుకుంటే ముద్ర పోతుందన్న సంగతి అతనికి ఎవరూ చెప్పరు. ఎందుకు చెబుతారు? ముద్ర ఉన్న మనిషిని ‘సర్దుబాటు’ చేసి పంపడంలోనే కొందరికి డబ్బులు.

ఆ సర్దుబాటు ఏమిటంటే, పనికి వెళ్ళేవాణ్ణి విజిట్ వీసా మీద విమానం ఎక్కించడం. ముద్ర ఉన్నా చుట్టపుచూపుగా వెళ్ళిరావడానికి అనుమతి అక్కర్లేదు. ఆ సందులోంచే పంపేస్తారు. అక్కడ జీతం ఎగ్గొట్టినా, దెబ్బ తగిలినా, మీరు ఉద్యోగానికి వచ్చినట్టు ఇక్కడి ప్రభుత్వం దగ్గర ఒక్క కాగితం ఉండదు. ప్రభుత్వ వలస పోర్టల్ ఈమైగ్రేట్ ద్వారా సక్రమంగా వెళ్ళినవాళ్ళకు ఒప్పందం రికార్డులో ఉంటుంది, ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. ఈసీఆర్ ముద్రతో ఇంటిపనికి ఆ దేశాలకు వెళ్ళే ఆడవాళ్ళకు కనీసం ముప్ఫై ఏళ్ళుండాలన్న నియమం కూడా ఇందుకే. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళే అక్కచెల్లెళ్ళ వయసు పెంచి రాయిస్తామనే ఏజెంటు కనపడితే, గుమ్మంలోనే దండం పెట్టి పంపించేయండి.

4. అడ్రసు దగ్గర తెలివితేటలు వద్దు

2018 జూన్ నుంచి దేశంలో ఎక్కడ ఉన్నా ఎక్కడి పాస్‌పోర్టు కార్యాలయంలోనైనా దరఖాస్తు చేసుకోవచ్చు. శ్రీకాకుళం అడ్రసుతో హైదరాబాద్‌లో పెట్టుకోవచ్చు. ఇది తెలిసినవాళ్ళు కూడా ఒక మెలిక మర్చిపోతారు. పోలీసు విచారణ మీరు రాసిన అడ్రసు దగ్గరే జరుగుతుంది, పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో ఆ అడ్రసుకే వస్తుంది.

మాదాపూర్‌లో అద్దెకుంటూ, రుజువు కాగితాలన్నీ ఊరివే ఉన్నాయని ఊరి అడ్రసు ఇస్తారు. కానిస్టేబుల్ ఊళ్ళో తలుపు తడితే నాయనమ్మ బయటికొచ్చి, "వాడిక్కడెక్కడ బాబూ, ఆరేళ్ళయింది పట్నం పోయి" అని ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. పెద్దావిడ అబద్ధం ఆడలేదు, మీరే ఆడారు. రిపోర్టు వ్యతిరేకంగా వెళుతుంది, ఫైలు ఆగుతుంది. ఇప్పుడు నిజంగా ఎక్కడ ఉంటున్నారో ఆ అడ్రసే ఇవ్వండి. దానికి రుజువు లేకపోతే ముందు అది సంపాదించి, తర్వాత దరఖాస్తు పెట్టండి.

దరఖాస్తు గురించి నాలుగు ముక్కలు, గబగబా. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా చివర ‘జీవోవీ డాట్ ఇన్’ ఉంటుంది. అచ్చం దానిలాగే కనపడి రెట్టింపు వసూలు చేసే నకిలీ సైట్లున్నాయి, గూగుల్‌లో మొదట వచ్చిందల్లా నొక్కకండి. త్వరగా కావాలంటే ఉన్న తత్కాల్‌కు అదనంగా 2,000 రూపాయలు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు, అరవై దాటినవాళ్ళకు కొత్త పాస్‌పోర్టు ఫీజులో పది శాతం తగ్గింపు ఉంది. ఒకసారి ఫీజు కట్టాక ఏడాదిలోపు మూడు అపాయింట్‌మెంట్ల దాకా అవకాశం ఉంటుంది. నాలుగేళ్ళలోపు పిల్లలకు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో పట్టుకెళ్ళాలి, మిగతా అందరికీ అక్కడే తీస్తారు. ప్రభుత్వోద్యోగులు పై అధికారి సంతకం కోసం నెలల తరబడి తిరగక్కర్లేదు, నిరభ్యంతర పత్రానికి బదులు పై అధికారికి ముందస్తు సమాచారం ఇచ్చిన లేఖ కాపీతోనే పెట్టుకోవచ్చు.

5. కేసు ఉంటే దాచకండి

"చెక్ బౌన్స్ కేసే కదండీ, దానికీ పాస్‌పోర్టుకీ ఏం సంబంధం?" అంటారు. ఉంది. క్రిమినల్ కోర్టులో మీ మీద కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చని చట్టంలో 6వ సెక్షను చెబుతుంది. కట్నం కేసులో పేరు చేరిన మరిది కావచ్చు, రోడ్డు ప్రమాదం కేసు కావచ్చు.

అంతమాత్రాన దారి మూసుకుపోలేదు. 1993 ఆగస్టు 25న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఆ కేసు నడుస్తున్న కోర్టు నుంచి విదేశం వెళ్ళడానికి అనుమతి తెచ్చుకుంటే పాస్‌పోర్టు ఇస్తారు. ఇక్కడే లాయరుకు గట్టిగా చెప్పాల్సిన పని ఒకటుంది. కోర్టు ఉత్తర్వులో ఎన్నేళ్ళకో రాయించుకోండి. ఏ గడువూ లేకపోతే మీకు దక్కేది ఒక్క ఏడాది పాస్‌పోర్టే, మళ్ళీ ఏడాదికి అదే తిరుగుడు. ఇంకొకటి, పోలీస్ స్టేషన్లో ఎఫ్ఐఆర్ నమోదైనంత మాత్రాన కోర్టులో కేసు నడుస్తున్నట్టు కాదు. కోర్టు దాన్ని విచారణకు తీసుకుంటేనే ఈ సెక్షను వర్తిస్తుంది.

ఫారంలో "కేసులు ఉన్నాయా" అన్న ప్రశ్నకు "లేవు" అని టిక్కు పెట్టడమే పెద్ద పొరపాటు. కేసుకు పరిష్కారం ఉంది కానీ ఆ అబద్ధం విడిగా మరో నేరం. తప్పుడు సమాచారం ఇస్తే రెండేళ్ళ దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇచ్చిన పాస్‌పోర్టు కూడా లాగేసుకుంటారు. నిరాకరిస్తే ఎందుకు నిరాకరించారో కారణం కాగితం మీద అడిగే హక్కు మీకుంది, అప్పీలుకూ వెళ్ళొచ్చు. "ఇవ్వం పొండి" అన్న నోటిమాటతో వెనక్కి రావద్దు.

6. ఎవరి చేతిలో పెడుతున్నారు?

ఫైనాన్స్ వాళ్ళు అప్పుకు హామీగా అడుగుతారు. బాండు రాయించుకునే కంపెనీ ఒరిజినల్ తమ దగ్గర ఉంచమంటుంది. ఏజెంటు "వీసా పని ఉంది" అని నెలల తరబడి తన సొరుగులో పడేసుకుంటాడు. గల్ఫ్‌లో కఫీల్, అంటే అక్కడి యజమాని, మీరు దిగిన రోజే తీసేసుకుంటాడు. వీళ్ళల్లో ఎవరికీ ఆ హక్కు లేదు. యూఏఈ, సౌదీ, ఖతర్ చట్టాలు కూడా యజమాని పనివాడి పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోవడాన్ని ఒప్పుకోవు. తీసేసుకుంటే అక్కడి లేబర్ అధికారులకు, భారత రాయబార కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు. బయల్దేరే ముందే ఫొటో పేజీ, వీసా పేజీ కాపీలు ఇంట్లో ఒక సెట్టు పెట్టి, ఫోన్లో ఒకటి దాచుకోండి. ఫిర్యాదు చేసే రోజున నంబరైనా చేతిలో ఉంటుంది.

మరి పోలీసులు తీసుకుంటే? కేసులో సాక్ష్యంగా స్వాధీనం చేసుకోవచ్చు. కానీ తమ దగ్గరే నిలిపి ఉంచుకునే అధికారం పాస్‌పోర్టు అధికారికే ఉందని 2008లో సురేష్ నందా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అధికారి కూడా ఇష్టం వచ్చినట్టు లాక్కోవడానికి వీల్లేదు. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును ప్రభుత్వం కారణం చెప్పకుండా తీసుకుంటే, ఆవిడ కోర్టుకెక్కారు. 1978లో వచ్చిన ఆ తీర్పును లా కాలేజీల్లో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. ప్రభుత్వ ఆస్తే అయినా న్యాయమైన పద్ధతి లేకుండా తీసుకోకూడదన్నది దాని సారం.

7. చిరగనివ్వకండి, చింపకండి

పిల్లలు గీసిన గీతలు, వానలో తడిసి ఉబ్బిన అట్ట, స్టేపుల్ పిన్ను చిల్లులు. ఇవి మనకు చిన్నవి, ఇమిగ్రేషన్ వాళ్ళకు అనుమానాలు. ల్యామినేషన్ అసలు వద్దు. టూరిస్టు ప్రదేశాల్లో సరదాగా వేసే గుర్తు ముద్రలు మీ డైరీలో వేయించుకోండి, పాస్‌పోర్టులో కాదు.

ఇంట్లో తెలియకూడదని బ్యాంకాక్ వెళ్ళొచ్చిన పేజీలు చింపేసి, ముంబై విమానాశ్రయంలో దొరికిపోయి కేసులు పెట్టించుకున్న మగమహారాజులున్నారు. పేజీలకు నంబర్లుంటాయని వాళ్ళకు తోచలేదు కాబోలు. భార్యకు తెలియకూడదనుకున్నది పేపర్లో పడి ఊరంతటికీ తెలిసింది.

8. కొత్తది వచ్చాక పాతది పారేయొద్దు

రీఇష్యూ చేసినప్పుడు పాతదాన్ని రద్దు చేసి, మూల కత్తిరించి తిరిగిస్తారు. అందులో అమెరికా వీసా ఇంకా గడువులో ఉంటే అది చెల్లుతూనే ఉంటుంది, రెండు పుస్తకాలూ పట్టుకెళితే చాలు. వీసా ఉన్న పేజీని కత్తిరించి కొత్తదాంట్లో అతికించే మహానుభావులు కూడా ఉన్నారు, ఆ క్షణానే ఆ వీసా చెల్లదు.

పాస్‌పోర్టు నంబరు ప్రతిసారీ మారుతుందని గుర్తుంచుకోండి. ఎన్ఆర్ఐ బ్యాంకు ఖాతాలో, ముందే కొన్న టికెట్‌లో పాత నంబరుంటే మార్పించుకోవాలి. ఇప్పుడు ఇస్తున్న ఈ-పాస్‌పోర్టుల్లో అట్టలో చిప్ ఉంటుంది, ముందువైపు కింద చిన్న బంగారు గుర్తు కనపడుతుంది. మీది చిప్ లేనిదైనా కంగారు పడకండి, గడువు ముగిసే దాకా అది నిక్షేపంగా చెల్లుతుంది.

9. అక్కర్లేని చోట కూడా ఒక మెలిక

నేపాల్‌కు పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రలకు మన ఊళ్ళ నుంచి బస్సులే బయల్దేరతాయి. అయితే విమానంలో వెళ్ళేవాళ్ళు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ తప్పక చూపాలి. పదిహేనేళ్ళలోపు, అరవై ఐదేళ్ళు దాటినవాళ్ళకు మాత్రమే ఆధార్ లాంటి ఇతర గుర్తింపు చెల్లుతుంది. అరవై ఎనిమిదేళ్ళ తాతగారిని ఆధార్‌తో ఎక్కించుకుని, అరవై రెండేళ్ళ నాయనమ్మను అదే ఆధార్‌తో కౌంటరు దగ్గర ఆపేస్తే ఆ యాత్ర ఏం యాత్ర?

10. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజున

ప్రమాణం చేసిన క్షణాన, 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షను ప్రకారం భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఇక్కడ ఎవరికీ చెప్పకపోయినా పోతుంది. మీ దగ్గరున్న భారత పాస్‌పోర్టులో ఇంకా ఏడేళ్ళ గడువున్నా అది ఇక వాడకూడదు. "తిరుపతి మొక్కు ఒకటుంది, ఈ ఒక్కసారికి పాతదాని మీద వచ్చి వెళ్ళిపోతా" అనుకునేవాళ్ళుంటారు. అలా చేసిన ప్రయాణానికి జరిమానా పడుతుంది, ఆ తర్వాత విదేశీ పౌరులైన భారతీయ మూలాలవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డుకు వెళ్ళినప్పుడు బయటపడుతుంది కూడా. ముందు పాస్‌పోర్టు అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోండి, తర్వాతే మిగతావి. అప్పగించకుండా మూడేళ్ళు దాటబెట్టుకున్నా జరిమానా ఉంది. ఓసీఐ కార్డును రెండో పౌరసత్వం అనుకోవద్దు. దాంతో ఓటు రాదు, భారత పాస్‌పోర్టూ రాదు.

11. పోయిందా? దొరికినా వాడకండి

పోయిన వెంటనే పోలీసులకు ఫిర్యాదు, తర్వాత పాస్‌పోర్టు కార్యాలయంలో దరఖాస్తు. పోయినదానికి బదులు 36 పేజీలదానికి 3,000 రూపాయలు, మామూలు ఫీజుకు రెట్టింపు. ఇల్లంతా వెతక్కుండా హడావుడిగా ఫిర్యాదు మాత్రం చేయకండి. ఒకసారి పోయిందని రాయించాక ఆ నంబరు రద్దవుతుంది, పోయిన పాస్‌పోర్టుల అంతర్జాతీయ జాబితాలోకీ వెళుతుంది. ఇంటర్‌పోల్ నడిపే ఆ జాబితాను ఏ దేశపు ఇమిగ్రేషన్ అయినా చూస్తుంది. రెండు నెలల తర్వాత అటక మీది పాత సూట్‌కేసులో అది బయటపడితే సంతోషించి దాంతో విమానం ఎక్కితే, పరాయి దేశంలో దొంగ పాస్‌పోర్టు పట్టుకొచ్చినవాడిలా నిలబడాల్సి వస్తుంది.

పరాయి దేశంలో పోతే అక్కడి పోలీసు రిపోర్టు తీసుకుని భారత రాయబార కార్యాలయానికి వెళ్ళండి. కొత్త పాస్‌పోర్టుకు వ్యవధి లేకపోతే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. అది ఇండియాకు ఒక్క వైపు ప్రయాణానికే పనికొస్తుంది, దాంతో మధ్యలో ఇంకో దేశం చుట్టి రావడం కుదరదు. పాత పాస్‌పోర్టు నంబరు, ఇచ్చిన తేదీ, ఏ కార్యాలయం ఇచ్చిందీ అక్కడ అడుగుతారు. ముందు తెచ్చి పెట్టుకున్న ఆ కాగితం మీద గడువు తేదీల పక్కనే ఈ మూడూ కూడా రాసి, ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపేయండి.